స్టెబిలైజర్ బార్ మార్చే ముందు ఒక్క మాట

అందరికీ నమస్కారమండి. కాలవ గట్టు మలుపుల్లో కారు బాగా ఒరిగిపోతోందని నిన్న గ్రూప్‌లో ఇద్దరు అడిగారు. స్టెబిలైజర్ బార్ అంటే ఎడమ, కుడి చక్రాల సస్పెన్షన్‌ని కలిపే ఉక్కు కడ్డీ. అది లావుది వేస్తే ఒరగడం తగ్గుతుంది, నిజమే. కానీ ముందు లింక్ రాడ్లు (బార్ చివర్లని సస్పెన్షన్‌కి కలిపే చిన్న కడ్డీలు), బుష్‌లు (బార్‌ని పట్టి ఉంచే రబ్బరు ముక్కలు) మెకానిక్‌కి చూపించండి. నేనూ బార్ కొనబోయి ఆగి, అరిగిన బుష్‌లు మార్పిస్తే సగం ఊగుడు అక్కడే పోయింది.

ఆ తర్వాత కూడా బార్ కావాలనుకుంటే ఈ లెక్క చూడండి. దాని గట్టిదనం వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 20 మిల్లీమీటర్ల బార్ తీసి 22 వేస్తే దాదాపు 46 శాతం గట్టిపడుతుంది. రెండు మిల్లీమీటర్లే కదా అనుకోకండి! ముందు చక్రాలతో నడిచే కారుకి ముందు బార్ ఒక్కటే లావుది వేస్తే, మలుపులో స్టీరింగ్ తిప్పినంత తిరగక బయటి అంచుకి లాగేస్తుంది. మన గట్ల మీద ఆ అంచు అవతల కాలవే ఉంటుంది. వెనకది మరీ గట్టిదైతే వానలో వెనక చక్రాలు పక్కకి జారతాయి.

పైగా బార్ గట్టిదైతే, ఒక చక్రం గోతిలో పడినా కుదుపు రెండో పక్కకీ వస్తుంది. అమలాపురం లోపలి రోడ్ల మీద ఇది బాగా తెలుస్తుంది.

ఆదివారం బుష్‌లు చూపించుకునేవాళ్ళు చెప్పండి, కలిసి వెళ్దాం.