"చూసుకుని నడవాలి కదా": న్యాయశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన న్యాయశాఖ మంత్రి గారికి,

నమస్కారం.

మూడేళ్ల కిందట మా అమ్మ ఒక ఆఫీసు భవనంలో పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఈ వాక్యం రాశాక నాకే అనిపించింది, అమ్మ తన ఎముకను తనే విరగ్గొట్టుకున్నట్టు రాశానేమిటని. మనం మాట్లాడే తీరే అంత. చెయ్యి కాల్చుకున్నాడు, వేలు కోసుకుంది, తల పగలగొట్టుకున్నాడు అంటాం. ఏం జరిగిందో కనుక్కోకముందే తప్పు ఎవరిదో క్రియాపదంలోనే తేల్చేస్తాం. ఆ వెంటనే నోటికొచ్చే మాట, "చూసుకుని నడవాలి కదా!"

ఆసుపత్రికి పలకరించడానికి వచ్చినవాళ్లు ఆ మాటే అన్నారు. నష్టపరిహారం కోసం కోర్టుకు వెళ్తే, భవనం తరఫు లాయరు కూడా ఆ మాటే అన్నారు. కాకపోతే మర్యాదగా, ప్రశ్నల రూపంలో. "మీరు కిందికి చూసి నడుస్తున్నారా, ఎదురుగా చూసి నడుస్తున్నారా?" "కళ్లజోడు నంబరు చివరిసారి ఎప్పుడు మార్పించుకున్నారు?" "మీ ముందు వెళ్లినవాళ్లు పడలేదు కదా, మీరే ఎందుకు పడ్డారు?" అరవై ఎనిమిదేళ్ల మనిషి వాకర్ పట్టుకుని నిలబడి, తప్పు చేసి దొరికిపోయిన పిల్లలాగా, "కనపడలేదండీ" అని మాత్రం అంది. అంతకు మించి ఆమె దగ్గర జవాబు లేదు. నిజానికి అంతకు మించిన జవాబు అక్కర్లేదు కూడా.

అమ్మ పడిన మూడో రోజు నేను వెళ్లి ఆ మెట్టు చూశాను. ఒక్కటే మెట్టు. లిఫ్టుల దగ్గరి నుంచి కౌంటర్లున్న హాల్లోకి వెళ్లే దారిలో, ఓ అర అడుగు కిందికి దిగాలి. పైనా కిందా ఒకటే రాయి. అదే బూడిద రంగు, అవే మచ్చలు, అదే మెరుపు. అంచుకు పట్టీ లేదు, పట్టుకోవడానికి రెయిలింగ్ లేదు. హాల్లోంచి బయటికి వచ్చేవాళ్లకు మెట్టు నిలువు భాగం ఎదురుగా నీడలా కనిపిస్తుంది కాబట్టి కాలెత్తి ఎక్కుతారు. లోపలికి వెళ్లేవాళ్లకు ఆ భాగం కనపడే వీలే లేదు. పై నేలా కింది నేలా కలిసిపోయి ఒకే చదునులా ఉంటుంది. నేను మెట్టును చూడాలనే వెళ్లినవాణ్ని. అయినా దాని అంచు ఎక్కడుందో వంగి చూస్తే గానీ తెలియలేదు. పక్క గోడకు ఒక తెల్లకాగితం అంటించి ఉంది. "మెట్టు ఉంది, జాగ్రత్త." అంటించి చాలాకాలమే అయినట్టుంది, టేపు పసుపు రంగుకు తిరిగింది.

అక్కడి సెక్యూరిటీ గార్డు నన్ను చూసి దగ్గరికి వచ్చాడు. "ఇక్కడ తూలేవాళ్లు రోజూ ఉంటారు సార్. పెద్దవాళ్లయితే నేనే ముందుకెళ్లి చెయ్యి పట్టుకుంటాను. ఆ రోజు నన్ను గేటు దగ్గర వేశారు" అన్నాడు. అమ్మ పడినందుకు బాధపడిన మనిషి ఆ భవనంలో నాకు కనిపించింది అతనొక్కడే.

ఈ లేఖ రాయడానికి కారణం అతని మాటే. ఒక చోట ఒకరు పడితే ఆ మనిషి ఎలా నడిచారని అడగొచ్చు. అదే చోట రోజూ ఎవరో ఒకరు తూలుతున్నారంటే అడగాల్సింది ఆ చోటు సంగతి. వయసు, చూపు, తొందర ఒకరికొకరికి పోలిక లేని మనుషులు ఒకే రకంగా తప్పటడుగు వేస్తున్నారంటే, వాళ్లందరిలో ఉమ్మడిగా ఉన్నది ఆ మెట్టు తప్ప ఇంకేముంది? మా కేసులో ఆ ప్రశ్న రానే లేదు. పాత ప్రమాదాల రిజిస్టరు చూపించమంటే అలాంటిది పెట్టలేదన్నారు, అంతటితో అయిపోయింది. గార్డును సాక్ష్యానికి పిలిస్తే అతని ఉద్యోగం పోతుందని నేనే వద్దన్నాను. మా లాయరు గోడమీది కాగితం ఫోటో చూపిస్తే, "హెచ్చరిక పెట్టాం కదా, చదువుకోకపోవడం ఎవరి తప్పు?" అన్నారు అవతలివాళ్లు. నాకు ఆ కాగితం మరోలా కనిపిస్తుంది. అక్కడ జనం పడతారని తమకు ముందే తెలుసని వాళ్లు చేతులారా రాసి గోడకు అంటించుకున్నారు. తెలిసి, కాగితంతో సరిపెట్టారు. చివరికి అమ్మ అజాగ్రత్తే ప్రధాన కారణమని కేసు కొట్టేశారు.

మంత్రి గారూ, ఇదే చిక్కు రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికా వైమానిక దళానికి ఎదురైంది. బీ-17 బాంబర్లు క్షేమంగా రన్‌వే మీద దిగేవి. దిగాక పైలట్లు ఫ్లాపులు, అంటే దిగేటప్పుడు కిందికి దించే రెక్కల వెనక పలకలు, ముడవబోయి, పొరపాటున చక్రాలను ముడిచేసేవారు. విమానం పొట్ట నేలకు కొట్టుకునేది. ప్రతిసారీ "పైలట్ తప్పిదం" అని రాసి ఫైలు మూసేసేవారు. ఆల్ఫోన్స్ చాపనీస్ అనే యువ మనస్తత్వ శాస్త్రవేత్త 1943 ప్రాంతంలో ఈ సంగతి తేల్చడానికి పూనుకున్నాడు. సీ-47 రవాణా విమానాలు నడిపేవాళ్లు ఈ పొరపాటు చేయడం లేదని గమనించాడు. కాక్‌పిట్లోకి వెళ్లి చూస్తే బీ-17లో ఫ్లాపుల స్విచ్చు, చక్రాల స్విచ్చు పక్కపక్కనే, చేతికి ఒకేలా తగిలేలా ఉన్నాయి. చక్రాల మీటకు చిన్న చక్రం ఆకారపు పిడి, ఫ్లాపుల మీటకు రెక్క ఆకారపు పిడి తగిలించమన్నాడు. చూడకుండా పట్టుకున్నా ఏది ఏదో చేతికే తెలుస్తుంది. ఆ ఆకారాలు ఇప్పటికీ విమానాల నిబంధనల్లో ఉన్నాయి. అప్పుడు మార్చింది పైలట్లను కాదు, పిడుల్ని.

ఆ పైలట్లు మామూలు మనుషులు కారు. ఏరికోరి తీసుకుని, నెలల తరబడి శిక్షణ ఇచ్చినవాళ్లు, ప్రాణం మీదికొస్తుందని తెలిసినవాళ్లు. వాళ్లకే చెయ్యి తడబడే చోట, ఫారం మీద ఏ సంఖ్య రాయాలో ఆలోచిస్తూ నడిచే పెద్దావిడ కాలు తడబడిందంటే అందులో వింతేముంది?

బాధ్యత అనే మాటే అక్కర్లేదని నేను అనడం లేదు. కత్తి తెగకపోతే అది కత్తే కాదు. కత్తితో వేలు తెగితే తయారుచేసినవాడి మీద దావా వేయమని ఎవరూ అనరు, ఎందుకంటే ఆ పదును కత్తి చేయాల్సిన పనిలోనే ఉంది. కానీ ఆ మెట్టు కనపడకుండా ఉండటం వల్ల ఎవరికి ఏ పని జరుగుతోంది? వస్తువు చేసే పనికి అవసరమైన ప్రమాదం వేరు, ఎవరూ పట్టించుకోకపోవడం వల్ల మిగిలిపోయిన ప్రమాదం వేరు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి, రెండింటికీ "చూసుకోవాలి కదా" అనే ఒక్క సమాధానం చెప్పడమే నా బాధ.

ఒకప్పుడు ఫ్రిజ్ తలుపులకు బయటి నుంచి మాత్రమే తెరుచుకునే గొళ్లెం ఉండేది. దాగుడుమూతలు ఆడుతూ పాత ఫ్రిజ్జుల్లో దూరిన పిల్లలు లోపలే ఊపిరాడక చనిపోయారు. పిల్లల్ని కనిపెట్టుకుని ఉండాల్సింది తల్లిదండ్రులే కదా అని అక్కడితో ఊరుకోవచ్చు. కానీ అమెరికా ఊరుకోలేదు, 1956లో చట్టం చేసి, ఫ్రిజ్ తలుపు లోపలి నుంచి కూడా తెరుచుకోవాలంది. ఇప్పుడు మన ఇళ్లలో ఫ్రిజ్ తలుపు అయస్కాంతంతో అంటుకుని, తోస్తే తెరుచుకుంటోంది.

ఇక చట్టం సంగతికి వస్తాను. 1809లో ఇంగ్లండులో ఒకాయన ఇల్లు బాగుచేయిస్తూ రోడ్డుకు కొంతమేర అడ్డంగా ఒక దుంగ పెట్టాడు. సాయంత్రం చీకటిపడే వేళ గుర్రం మీద వేగంగా వచ్చినతను దాన్ని చూసుకోక, తగిలి పడి గాయపడ్డాడు. మామూలు జాగ్రత్తతో వచ్చి ఉంటే తప్పించుకునేవాడే కాబట్టి పైసా కూడా రాదని కోర్టు అంది. దుంగ పెట్టినవాడిది తప్పే, అయినా గాయపడ్డవాడిది కాస్త తప్పున్నా మొత్తం పోయినట్టే. ఆ సూత్రాన్ని ఇంగ్లండు 1945లో చట్టం చేసి వదిలించుకుంది. ఎవరి వంతు ఎంతో లెక్కగట్టి, పరిహారంలో అంత మేరకే తగ్గించాలంది. అందుకు 136 ఏళ్లు పట్టింది.

అమెరికాలో అలబామా, మేరీలాండ్, నార్త్ కరోలినా, వర్జీనియా రాష్ట్రాల్లో నేటికీ పాత సూత్రమే నడుస్తోంది. మేరీలాండ్‌లో 2008లో ఇరవై ఏళ్ల కుర్రాడు మైదానంలో సాకర్ గోల్‌పోస్టు అడ్డకమ్మీ అందుకుని వేలాడాడు. ఆ గోల్‌పోస్టును నేలకు బిగించలేదు. అది మీద పడి అతని ముఖం ఎముకలు విరిగాయి. బిగించకపోవడం నిర్వాహకుల తప్పేనని జ్యూరీ ఒప్పుకుంది, వేలాడటం కుర్రాడి తప్పు కూడా అంది. అంతే, అతనికి ఏమీ రాలేదు. 2013లో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం కూడా పాత సూత్రాన్ని కదిలించడానికి ఒప్పుకోలేదు. ఆ పని శాసనసభకే వదిలేసింది. జడ్జిగారికి కాకుండా మీకు ఉత్తరం రాయడానికి అది కూడా ఒక కారణం. గోల్‌పోస్టు కనపడితే కుర్రాళ్లు వేలాడతారు. కుర్రాళ్లను ఎరిగిన ఎవరికైనా తెలిసిన సంగతే అది. అలాంటి దానికి ముందే సిద్ధంగా ఉండకపోతే మైదానం నడపడంలో బాధ్యత ఏమున్నట్టు?

తప్పులో ఎవరి వంతు ఎంతో లెక్కగట్టడం అంటే గాయపడ్డవాళ్లను వెనకేసుకురావడం కాదు. 1992లో అమెరికాలో కాఫీ ఒంటిమీద పడిన స్టెల్లా లీబెక్ గారి కేసు చాలామందికి నవ్వులాటగానే తెలుసు. ఆమెకు 79 ఏళ్లు. మనవడు నడుపుతున్న కారు ఆగి ఉంది, ఆమె పక్కసీట్లో కూర్చుని, కప్పు మోకాళ్ల మధ్య పెట్టుకుని మూత తీయబోయారు. చర్మం లోతుగా కాలిపోయి ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్నారు, వేరేచోటి చర్మం తీసి అతికించాల్సి వచ్చింది. మెక్‌డొనాల్డ్స్ అప్పట్లో కాఫీని 82 నుంచి 88 డిగ్రీల సెల్సియస్ వేడితో ఇచ్చేది. కొద్ది సెకన్లలోనే చర్మం పూర్తి లోతున కాలిపోయే వేడి అది. ఆమె మొదట అడిగింది 20,000 డాలర్లు, కంపెనీ ఇస్తానన్నది 800. జ్యూరీ ఆమె తప్పునూ వదల్లేదు. 20 శాతం ఆమె వంతు వేసి, 2 లక్షల డాలర్ల పరిహారాన్ని 1,60,000కు తగ్గించింది. కంపెనీకి విడిగా వేసిన భారీ జరిమానాను జడ్జి బాగా తగ్గించారు. నాకు ఈ కేసులో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి వేరే ఉంది. అంతకు ముందు పదేళ్లలో ఇలా కాలినవాళ్ల ఫిర్యాదులు సుమారు 700 ఆ కంపెనీ దగ్గర ఉన్నాయి. అవి కోర్టు ముందుకు వచ్చాయి. మా అమ్మ కేసులో రానిది సరిగ్గా అదే.

అందుకే నా మొదటి విన్నపం అదే. జనం వచ్చిపోయే ప్రతి చోటా, అమ్మకానికి వచ్చే ప్రతి వస్తువుకూ పాత ప్రమాదాల, ఫిర్యాదుల వివరాలు రాసిపెట్టడం తప్పనిసరి చేయండి. పరిహారం కేసు వేసిన వెంటనే, గాయపడ్డ మనిషిని ఒక్క ప్రశ్న అడగకముందే, ఆ వివరాలు కోర్టు ముందు పెట్టాలి. రాసిపెట్టలేదంటే ఆ లోటు వాళ్లకే వ్యతిరేకంగా లెక్కలోకి రావాలి. ఇప్పుడు రాయనివాళ్లే లాభపడుతున్నారు. మొదటి ఫిర్యాదుకే మెట్టు సరిచేసి ఆ సంగతి రాసిపెట్టిన యజమానికి ఆ మేరకు రక్షణ కూడా చట్టంలోనే ఇవ్వండి. దావాల భయంతో చిన్న వ్యాపారులు మూసుకుపోతారని అనేవాళ్లున్నారు, ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ నిజాయితీగా సరిచేసేవాడికి ఈ పద్ధతిలో మేలే జరుగుతుంది.

గాయపడ్డవాళ్ల పొరపాటు పరిహారాన్ని తగ్గించవచ్చు గానీ కేసునే చంపేయకూడదని చట్టంలో స్పష్టంగా రాయాలి. చంకలో బిడ్డ, చేతిలో ఫైలు, మసకబారిన చూపు, ఆలోచనల్లో పడి నడవడం, ఇవి మనిషన్నాక ఉండేవే. వాటిని నేరంలా చూపించి పరిహారం ఎగ్గొట్టనివ్వకూడదు. ప్రమాదాన్ని తీసేయగలిగి కూడా తీసేయకుండా బోర్డు పెట్టి ఊరుకుంటే, ఆ బోర్డు వాళ్లకు అనుకూలమైన సాక్ష్యం కాకూడదు. ఇంకొకటి, డబ్బిచ్చి బయట రాజీ చేసుకున్నప్పుడు పరిహారం ఎంతో గోప్యంగా ఉంచుకోవచ్చు, ప్రమాదం ఎక్కడుందో మాత్రం దాచే షరతు చెల్లకూడదు.

కేసు అయిపోయాక ఆ మెట్టు అంచుకు పసుపు పట్టీ వేశారట. సంతోషం. ఆలస్యంగానైనా వేసినందుకు నేను వాళ్లను తప్పుపట్టను, ఇంకొకరి అమ్మ పడదు. మా అమ్మ మాత్రం ఇప్పుడు ఎక్కడికి వెళ్లినా నేలను చూస్తూనే నడుస్తుంది. ఎదురొచ్చినవాళ్లు పలకరించినా తలెత్తదు, నిలబడ్డాకే మొహం చూస్తుంది. లాయరు గారి ప్రశ్నకు అది ఆమె ఇచ్చుకుంటున్న జవాబని నాకు అనిపిస్తుంది.

పట్టీ వేయకముందు నేను తీసిన రెండు ఫోటోలు ఈ లేఖకు జతచేస్తున్నాను. ఒకటి హాల్లోంచి తీసింది, రెండోది లిఫ్టుల వైపు నిలబడి తీసింది. రెండో ఫోటో మీ శాఖ అధికారుల ముందు పెట్టి, మెట్టు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమనండి. ఆ తర్వాత ఈ విషయం మీద మాట్లాడటానికి నాకూ, ఇలాంటి కేసులు ఓడిపోయిన మరికొందరికీ ఒక గంట సమయం ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
తుంటి ఎముక విరిగిన ఒక అమ్మ కొడుకు