మహేంద్రగిరి నడుము మీద బతికే చిన్న ప్రాణులు

సంపాదకులకు నమస్కారం.

మాది ఉద్దానం, మందస మండలం. డాబా ఎక్కితే ఎదురుగా మహేంద్రగిరి. ఏనుగులు దిగాయనీ, ఎలుగుబంటి జీడితోటలో తిరుగుతోందనీ మీ జిల్లా పేజీలో వార్తలు వస్తుంటాయి, మనుషుల ప్రాణాలతో పని కాబట్టి అవి రావాల్సిందే. కానీ అదే కొండ మీద తిరిగే ఎలుకలు, చుంచెలుకలు, ఉడుతల గురించి ఒక్క ముక్క చదివిన గుర్తు లేదు.

కింద వెచ్చగా ఉంటుంది కాబట్టి రకాలు అక్కడే ఎక్కువ ఉంటాయని, పైకి పోయేకొద్దీ తగ్గుతాయని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. క్రిస్టీ మెకెయిన్ అనే అమెరికా పరిశోధకురాలు ప్రపంచంలో వేర్వేరు కొండల మీద జరిగిన 50కి పైగా సర్వేలను ఒకచోట పెట్టి 2005లో ఒక వ్యాసం రాశారు. చిన్న క్షీరదాల రకాలు చాలా కొండల్లో మధ్య ఎత్తులోనే ఎక్కువని తేలింది. ఎత్తైన కొండల్లో ఆ చోటు ఇంకా పైన ఉంటుంది. అడుగున ఎండకి నేల ఎండిపోతుంది, పైన చలి ఎక్కువ, తిండి తక్కువ, నడుమ మాత్రం మబ్బు ఆగి తేమ నిలుస్తుంది, రాలిన ఆకు కుళ్ళి పురుగు పడుతుంది, కింది రకాలూ పై రకాలూ కలిసేదీ అక్కడే. చుంచెలుకకి ఆ పురుగే ఆహారం. దాన్ని మనం ఎలుక అనుకుని కొట్టి చంపేస్తాం గానీ అసలది ఎలుక జాతే కాదు. ఒళ్లు చిన్నది కావడంతో వేడి తొందరగా పోతుంది, అందుకని రోజంతా ఏదో ఒకటి తింటూనే ఉండాలి. తూర్పు కనుమల్లో ఉడుతలా కనిపించే ఇంకో జీవి కూడా ఉంది, మద్రాస్ ట్రీ ష్రూ అంటారు, అదీ ఉడుత కాదు.

మన కొండ ఎత్తు 1,501 మీటర్లు. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు 6 డిగ్రీలు చల్లబడుతుందంటారు, ఆ లెక్కన మా ఊరికీ శిఖరానికీ తేడా 9 డిగ్రీలు.

నా బాధంతా ఆ నడుము గురించే. శిఖరం మీద గుళ్ళున్నాయి, శివరాత్రికి జనం వెళ్తారు, దాన్ని పట్టించుకునేవాళ్లున్నారు. కింద ఊళ్ళున్నాయి. మధ్య వాలు మాత్రం జీడికీ పోడుకీ పోతోంది, గింజ ఏరడానికి వీలుగా ఉంటుందని తోటల్లో ఆకుచెత్తకి నిప్పు పెడతాం. మేమూ పెట్టాం, దాచను. తిత్లీ తుఫానులో చెట్లు పడిపోయాక మళ్ళీ తోట నిలబెట్టుకోవాలన్న టెన్షన్‌లో ఇంకేం ఆలోచించలేదు.

కాలిఫోర్నియాలో యోసెమిటీ కొండల్ని జోసెఫ్ గ్రిన్నెల్ బృందం 1914 నుంచి 1920 దాకా సర్వే చేసింది. మళ్ళీ సుమారు తొంభై ఏళ్ళకి అవే చోట్ల బోనులు పెట్టి చూస్తే, 28 రకాల చిన్న జంతువుల్లో సగం రకాలు సగటున 500 మీటర్లు పైకి జరిగాయి. వాతావరణం వేడెక్కడమే దానికి ప్రధాన కారణమన్నారు. అక్కడివంటే ఎత్తైన కొండలు, మనది 1,501 మీటర్ల దగ్గర అయిపోతుంది, ఆపైన ఎక్కడికి పోతాయి? పాత లెక్క ఉంది కాబట్టే అక్కడివాళ్లకి ఆ సంగతి తెలిసింది.

2022లో ఒడిశా తన వైపు మహేంద్రగిరిని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది. మన వైపు కూడా అటవీ శాఖ, డిగ్రీ కాలేజీల జువాలజీ విభాగాలు కలిసి ఎత్తు వారీగా లెక్క మొదలుపెట్టాలి. ప్రతి 200 మీటర్లకీ ఒకచోట ప్రాణం పోని బోనులు పెట్టి, పడినదాన్ని తూచి, కొలిచి వదిలేస్తే చాలు. చుంచెలుకలు మరీ తేలిక, బోను తలుపు పడకపోవచ్చు, వాటికోసం బకెట్లు నేల మట్టానికి పాతాలి. వానాకాలం ఒకసారి, ఎండాకాలం ఒకసారి. పెద్ద ఖర్చు కూడా కాదు. దారులు చూపడానికి కొండ మీది సవర పెద్దలకంటే తెలిసినవాళ్లు లేరు, వాళ్లకి కూలీ ఇచ్చి, పేరు కూడా రాయాలి.

మా తోట పై అంచు అడవికి ఆనుకుని ఉంటుంది. ఈ ఏడాది అక్కడ నిప్పు పెట్టలేదు, ఆకు అలాగే వదిలేశాం. పిల్లలెవరైనా బోనులు పెట్టుకుంటామని వస్తే దగ్గరుండి చూపిస్తాను.

ఇట్లు
ఒక జీడి రైతు,
మందస మండలం, శ్రీకాకుళం జిల్లా