ఆ కేటలాగ్‌ని తూకానికి వేయకండి

సంపాదకుల వారికి,

పాత ఆటబొమ్మల మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదవగానే అటక మీది పెట్టె దించాను. నాన్న ఉద్యోగం వల్ల 1980లలో మేం ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో ఉన్నాం. 1983లో వార్‌హామర్ అని, బల్ల మీద చిన్న బొమ్మల సైన్యాలతో ఆడే యుద్ధం ఆట వచ్చింది. దానికి సీసం కలిసిన లోహంతో బొమ్మలు పోసిన సిటాడెల్ మినియేచర్స్ వాళ్ల కేటలాగ్ నా దగ్గర ఇంకా ఉంది.

నలుపు తెలుపు గీతల్లో వరసగా ఓర్క్‌లనే రాక్షసులు, మరుగుజ్జు యోధులు. వేలెడంత లేని బొమ్మకీ కింద ఓ సొంత పేరు! పేరు చదివితే చాలు, కథ మొదలయ్యేది. గొడ్డలి పట్టిన ఒక మరుగుజ్జు పక్కన నా పెన్సిల్ టిక్కు చెరగలేదు. మూడు వారాల పాకెట్ మనీ దాచి కొన్నాను. బొమ్మ మీద అచ్చు అంచున మిగిలిన గీతని అమ్మ నెయిల్ ఫైల్‌తో అరగదీశాను.

ఆట పెట్టె మీద చిత్రకారుడు జాన్ బ్లాంచ్ వేసిన చిత్రం చూస్తే రాత్రి భయమేసేది, అయినా చూసేవాణ్ణి. ఇప్పటి ప్లాస్టిక్ బొమ్మల్లో నగిషీ ఎక్కువే, కానీ నన్ను ఊహించుకోనిచ్చింది ఆ కేటలాగ్ గీతలే.

ఇలాంటివి ఎవరింట్లో ఉన్నా దయచేసి పాత పేపర్లతో కలిపి తూకానికి వేయకండి.

- ఒక పాఠకుడు, విజయవాడ