తాళం వేసిన కంప్యూటర్ గది గురించి విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర విద్యాశాఖ మంత్రివర్యులకు నమస్కారాలు.

నేను హైదరాబాద్ నగరంలో 31 ఏళ్ల పాటు గణితం బోధించి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడిని. రెండేళ్లుగా నగరంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు ప్రతి శనివారం మధ్యాహ్నం వెళ్లి, ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు వీడియో గేమ్ రూపకల్పన, ప్రోగ్రామింగ్ నేర్పుతున్నాను. ఇందుకు నేను రూపాయి అడగలేదు, అడగను. అడిగినదల్లా పిల్లలు కూర్చోవడానికి ఆ పాఠశాలలోనే ఉన్న కంప్యూటర్ గది. దాని కోసం 2024 జూలై నుంచి నాలుగు వినతిపత్రాలు ఇచ్చాను. నాలుగింటి ఇన్వర్డ్ నంబర్లూ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. జవాబు ఒక్కదానికే వచ్చింది. చెప్పుకోవలసిన కార్యాలయాలన్నింటిలో చెప్పుకున్నాక, వరండాల్లో కూర్చోవలసినంత సేపు కూర్చున్నాక, ఇక మీకే నేరుగా, అందరూ చదివేలా రాయడం తప్ప మరో దారి కనిపించలేదు.

ఆ గది సంగతి మీకు వివరంగా చెప్పాలి. పాఠశాల మొదటి అంతస్తులో, మెట్ల పక్కన ఉంటుంది. అందులో 11 కంప్యూటర్లు ఉన్నాయి. నేను మొదటిసారి చూసినప్పుడు నాలుగు పనిచేస్తున్నాయి. మరో మూడింటికి లోపలి మెమరీ (ర్యామ్) పలకలు తుడిచి పెట్టి, ఒకదాని పవర్ సప్లై తీసి ఇంకొకదానికి వేసి, నా మాజీ విద్యార్థి ఒకరు ఒక ఆదివారమంతా కూర్చుని బాగుచేశారు. అలా ఏడు కంప్యూటర్లతో ఆ గదిలో 28 మంది పిల్లలు, ఒక్కో దానికి నలుగురు చొప్పున, మూడు నెలలు నేర్చుకున్నారు. అప్పటి ప్రధానోపాధ్యాయులు నోటిమాటగా అనుమతి ఇచ్చి, అప్పుడప్పుడు తాము కూడా వచ్చి వెనుక బెంచీలో కూర్చునేవారు. ఆయన బదిలీ అయ్యారు. ఆ తర్వాత జరిగిన ఒక తనిఖీలో, రాతపూర్వక అనుమతి లేని కార్యక్రమం జరుగుతోందనీ, స్టాక్ రిజిస్టర్‌లో ఉన్న పరికరాలను విప్పి భాగాలు మార్చారనీ రాశారు. మరుసటి శనివారం నేను వెళ్లేసరికి తలుపుకు తాళం ఉంది. కొత్త ప్రధానోపాధ్యాయురాలిని నేను తప్పుపట్టడం లేదు. ఒక కంప్యూటర్ పోతే ఆమె జీతంలోంచి వసూలు చేస్తారని ఆమె భయం, ఆ భయానికి కారణం ఉంది. ఆమె నాతో అన్నది ఒక్కటే: "సార్, పైనుంచి ఒక కాగితం తెప్పించండి, అదే రోజు తాళం తీస్తాను." ఆ కాగితం కోసమే నా నాలుగు వినతిపత్రాలు.

ఆ మూడు నెలల్లో ఆ గదిలో ఏం జరిగిందో మీ శాఖలో ఎవరూ అడగలేదు కనుక నేనే చెబుతాను.

పిల్లలు మొదటి నెలంతా కంప్యూటర్ ముట్టుకోలేదు. నేల మీద సుద్దముక్కతో పులి-మేక ఆట గీశారు. మూడు పులులు, పదిహేను మేకలు. రెండు పక్షాల బలం ఒకటి కాకపోయినా ఆట ఎందుకు రక్తికడుతుందో కనుక్కోమన్నాను. ఒక బాలుడు, వాళ్ల నాన్న ఆటో నడుపుతారు, మేకలను పన్నెండుకు తగ్గించి ఆడి చూశాడు, తర్వాత పద్దెనిమిదికి పెంచి చూశాడు. ప్రతి ఆటలో ఎవరు గెలిచారో నోటుబుక్కులో రాసుకున్నాడు. గేమ్ తయారీలో దీన్ని బ్యాలెన్సింగ్ అంటారు. పెద్ద సంస్థల్లో దీని కోసమే జీతాలిచ్చి మనుషులను పెట్టుకుంటారు. ఆ మాట వాడికి అప్పటికి తెలియదు, పని మాత్రం తెలిసిపోయింది.

ఒక బాలిక అష్టాచెమ్మను కంప్యూటర్ మీదికి తెద్దామంది. నాలుగు గవ్వలు వేస్తే నాలుగూ బోర్లా పడితే ఎనిమిది. ఒక్కో గవ్వ బోర్లా, వెల్లకిలా పడే అవకాశం సమానమైతే పదహారింట ఒకసారి ఎనిమిది రావాలి. ఆ అమ్మాయి ఇంట్లో వాళ్ల నానమ్మ గవ్వలు తీసుకుని 400 సార్లు వేసింది. 25 సార్లు రావలసిన ఎనిమిది 41 సార్లు వచ్చింది. మొదట తానే లెక్క తప్పాననుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. తర్వాత నేను చెప్పకుండానే, గవ్వకు రెండు వైపులా ఆకారం ఒకటి కాదు కదా, బోర్లా పడే అవకాశమే కాస్త ఎక్కువ కావచ్చు కదా అని తానే అన్నది. తన కోడ్‌లో ఆ అవకాశాన్ని సగం కన్నా పెంచి రాసుకుంది. పదో తరగతి పాఠ్యపుస్తకంలోని సంభావ్యత అధ్యాయాన్ని నేను మూడు దశాబ్దాలు బోధించాను, కానీ లెక్కల్లో వచ్చే సంభావ్యతకూ, గవ్వలు వేస్తే వచ్చే సంభావ్యతకూ మధ్య తేడాను ఇంతగా పట్టుకున్న విద్యార్థిని ఇంతవరకు చూడలేదు.

ఇంకొకటి చెప్పి ఈ సంగతి ముగిస్తాను. తెర మీద పరుగెత్తే బొమ్మను ఫ్రేముకు ఐదు పిక్సెళ్లు జరపాలని పిల్లలు కోడ్ రాశారు (ఫ్రేము అంటే కంప్యూటర్ ఒక్కోసారి గీసే దృశ్యం, పిక్సెల్ అంటే తెర మీది చిన్న చుక్క). సెకనుకు 60 ఫ్రేములు గీసే నా ల్యాప్‌టాప్‌లో ఆ బొమ్మ సెకనుకు 300 పిక్సెళ్లు పరుగెత్తింది. 20 ఫ్రేములు గీయడానికే ఆయాసపడే ఆ పాత కంప్యూటర్లలో 100 పిక్సెళ్లే కదిలింది. ఒకే ఆట, ఒకే కోడ్, రెండు వేగాలు. కారణం వెతకడానికి వాళ్లకు రెండు శనివారాలు పట్టింది. చివరికి ఒకడు లేచి, "సార్, దూరం అంటే వేగం ఇంటూ కాలం కదా, మనం కాలాన్ని రాయనే లేదు" అన్నాడు. ఒక ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ మధ్య గడిచిన కాలంతో వేగాన్ని గుణించగానే రెండు కంప్యూటర్లలోనూ బొమ్మ ఒకే వేగంతో నడిచింది. ఏడో తరగతిలో కంఠస్థం చేసిన సూత్రం ఎందుకుందో వాడికి తొమ్మిదో తరగతిలో, ఒక ఆట తయారుచేస్తూ తెలిసింది. ఆ తర్వాతి శనివారమే గదికి తాళం పడింది.

ఇప్పుడు నాకు వచ్చిన ఆ ఒక్క జవాబు గురించి. అది నాలుగు పంక్తుల కాగితం. విద్యార్థులను గేమింగ్ వైపు మళ్లించే కార్యక్రమాలకు అనుమతి ఇవ్వడం సాధ్యం కాదని అందులో రాశారు. నా వినతిపత్రం ఆరు పేజీలు. అందులో పాఠ్యప్రణాళిక ఉంది, వారం వారం ఏం నేర్పుతానో ఉంది, ఏ గణిత అధ్యాయానికి ఏ అభ్యాసం జతపడుతుందో ఉంది. శీర్షికలో ఉన్న "గేమ్" అనే ఒక్క మాట చదివి, మిగతాది తిరగేయకుండా పక్కన పెట్టారని నాకు అనిపించింది. ఇది నా అనుమానమే అయితే, అయ్యా, నన్ను క్షమించండి. కానీ ఆరు పేజీలు చదివినవారు అలాంటి జవాబు రాయలేరు.

పిల్లలు ఫోన్లకు అతుక్కుపోతున్నారన్న భయం నిజమైనదే. నేను తాతను, నా ఇంట్లోనూ ఆ బాధ ఉంది. ఒక తల్లి తరగతి గది గుమ్మం దగ్గర నిలబడి, "ఇంట్లో ఆడేది చాలక బళ్లో కూడానా సార్" అని నన్ను నిలదీశారు. ఆమెను లోపలికి పిలిచి కూర్చోబెట్టాను. ఆ రోజు పాఠం, ఆటల్లో ఏం వస్తుందో తెలియకుండా తెరిచే బహుమతి పెట్టెల గురించి. నూటికి ఒక్కసారి మాత్రమే మంచి బహుమతి వచ్చే పెట్టెను వంద సార్లు తెరిచిన వారిలో ఎంతమందికి ఒక్కసారైనా అది వస్తుందని అడిగితే, పిల్లలందరూ అందరికీ వస్తుందన్నారు. లెక్క వేయిస్తే, దాదాపు 37 శాతం మందికి వంద సార్ల తర్వాత కూడా ఏమీ రాదని తేలింది. ఆ తల్లి వెళ్లేటప్పుడు ఒక్క మాట అనలేదు, కానీ మరుసటి వారం చిన్న కొడుకును కూడా వెంట పంపారు. ఫోన్‌లో ఆట తనను ఎలా కట్టిపడేస్తోందో తెలుసుకోవాలంటే పిల్లవాడు ఒక్కసారైనా ఆటను తయారుచేసి చూడాలి. వద్దు అని నేను వందసార్లు చెప్పినదానికన్నా ఆ ఒక్క లెక్క వాళ్ల మీద ఎక్కువ పనిచేసింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ కేంద్రం 2025లో తెచ్చిన చట్టం కూడా ఆ ఆటలను ఒకవైపు పెట్టి, క్రీడల్లా పోటీపడి ఆడే ఈ-స్పోర్ట్స్‌నూ, నేర్చుకోవడానికి ఉపయోగపడే ఆటలనూ వేరుగా చూసింది. చట్టం చూపిన ఆ తేడాను నా వినతిపత్రం మీద సంతకం చేసినవారు చూడలేకపోయారు.

మంత్రివర్యా, ఈ నగరానికి ఆటలు, యానిమేషన్ తయారుచేసే ఈ రంగం కొత్తది కాదు. 2016లో మన రాష్ట్రమే ఇమేజ్ విధానం పేరుతో యానిమేషన్, గేమింగ్ రంగాలకు ప్రత్యేక విధానం ప్రకటించింది. 2017లో రాయదుర్గంలో ఈ రంగాల సంస్థల కోసం ఇమేజ్ టవర్ అనే భవనానికి శంకుస్థాపన జరిగింది. దేశమంతటి గేమ్ డెవలపర్లు కలిసే సదస్సు 2022, 2023, 2024లలో వరుసగా మన మాదాపూర్‌లోనే జరిగింది. దేశంలోని పిల్లలందరికీ తెలిసిన ఛోటా భీమ్ ఈ ఊళ్లోనే పుట్టాడు. మాసబ్ ట్యాంక్‌లోని మన ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో యానిమేషన్‌లో డిగ్రీ చదవవచ్చు. అంటే పైన మేడ ఉంది, మెట్లు లేవు. ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా సర్కారు బడిలో చదివిన పిల్ల ఆ మేడ ఎక్కడానికి మధ్యలో ఒక్క మెట్టయినా మనం కట్టలేదు. పదో తరగతి ఆరు సబ్జెక్టుల్లో కంప్యూటర్ లేదు. సీబీఎస్ఈ బడుల పిల్లలు తొమ్మిది, పది తరగతుల్లో కృత్రిమ మేధను ఒక నైపుణ్య సబ్జెక్టుగా తీసుకుంటున్నారు. అమెరికాలోని టెక్సాస్‌లో హైస్కూలు పిల్లలు గేమ్ ప్రోగ్రామింగ్‌ను క్రెడిట్ ఉన్న సబ్జెక్టుగా చదువుతున్నారు. మన వాళ్ల పిల్లలు డాలస్‌లో ఉంటే అది చదువు. అదే పిల్లలు ఇక్కడి బస్తీ బడిలో ఉంటే అది చెడిపోవడం ఎందుకవుతుందో నాకు అర్థం కావడం లేదు.

2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల దశలోనే కోడింగ్ ఉండాలని చెప్పింది. 2022లో కేంద్రం నియమించిన కార్యదళం (టాస్క్‌ఫోర్స్) యానిమేషన్, గేమింగ్ రంగాన్ని పాఠశాల స్థాయి నుంచే నేర్పాలని నివేదిక ఇచ్చింది. 2026-27 కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో 15,000 ఉన్నత పాఠశాలల్లో ఈ రంగానికి ల్యాబ్‌లు పెడతామని ప్రకటించారు. ఆ ప్రకటన విన్న రోజు నేను నిజంగా సంతోషించాను, ఆ వెంటనే మా మొదటి అంతస్తు తలుపు గుర్తొచ్చింది. ఆ 15,000లో మన రాష్ట్రానికి ఎన్ని వస్తాయి, అందులో హైదరాబాద్ ప్రభుత్వ పాఠశాలలు ఎన్ని ఉంటాయి, వాటికి మీ శాఖ జాబితా పంపుతోందా అని నా నాలుగో వినతిపత్రంలో అడిగాను. ఇప్పటిదాకా జవాబు లేదు. ల్యాబ్ వస్తే అందులో బోధించేది ఎవరు? ఉమ్మడి రాష్ట్రంలో ఐదేళ్ల ఒప్పందంతో కంప్యూటర్ బోధకులను తెచ్చి, ఒప్పందం తీరగానే పంపేసి, యంత్రాలను దుమ్ముకు వదిలేయడం నేను కళ్లారా చూసినవాణ్ని. మా గదిలోని 11 కంప్యూటర్లలో కొన్ని ఆ నాటివే. కొత్త పెట్టెలు తెచ్చి మళ్లీ అదే గదిలో పెట్టి మళ్లీ అదే తాళం వేస్తారేమోనన్నదే నా భయం.

ఖర్చు సంగతి ఎవరైనా ఎత్తితే చెప్పండి, నేను వచ్చి వివరిస్తాను. పిల్లలు కోడింగ్ నేర్చుకునే స్క్రాచ్, ఆటలు తయారుచేసే గొడో, త్రిమితీయ బొమ్మలు చేసే బ్లెండర్ అనే మూడు సాఫ్ట్‌వేర్‌లకూ లైసెన్సు రుసుము లేదు. పాత కంప్యూటర్లలో కూడా చిన్న ద్విమితీయ ఆటలు తయారవుతాయి, మా పిల్లలు తయారుచేసి చూపారు.

ఆ అష్టాచెమ్మ అమ్మాయి ఈ ఏడు పదో తరగతి రాసింది. ఆ ఆట సగంలోనే ఆగిపోయింది. గవ్వలు పడతాయి, కాయలు కదులుతాయి, కానీ కాయ పండే భాగం ఇంకా రాయలేదు. ఆ ఫైలు గది లోపల, కిటికీ వైపు రెండో కంప్యూటర్‌లో ఉంది. పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లమని నేను ముందే చెప్పవలసింది, చెప్పలేదు, అది నా తప్పు. పరీక్షలయ్యాక నా దగ్గరికి వచ్చి, "సార్, ఒక్కసారి గది తీయిస్తే కాపీ చేసుకుంటాను" అంది. ఇంటర్ ఎక్కడ చేరుతుందో ఇంకా తెలియదు. బడి మారితే ఆ గదిలోకి రావడానికి ఆమెకు హక్కు కూడా ఉండదు.

మంత్రివర్యా, నేను కోరేది ఇదే. ఆ గది తెరవడానికి ప్రధానోపాధ్యాయురాలికి రాతపూర్వక అనుమతి ఇప్పించండి. పిల్లలు నేర్చుకుంటూ ఏదైనా పరికరం పాడైతే ఉపాధ్యాయుల జీతాల్లోంచి వసూలు చేయబోమని ఆ అనుమతిలోనే రాయించండి. సమగ్ర శిక్ష పథకం కింద బడుల్లో వృత్తి విద్యగా నేర్పే సబ్జెక్టుల్లో గేమ్ రూపకల్పన, ప్రోగ్రామింగ్‌ను చేర్చి, దానికి స్థిరమైన బోధకుణ్ని నియమించండి. నా వయసు 63, శనివారం శనివారం నేను ఎంతకాలం మెట్లెక్కగలనో చెప్పలేను. అది ఇప్పుడే కుదరకపోతే, ముందు అనుమతి కాగితమైనా పంపండి. దయచేసి ఆ కాగితమైనా పంపండి.

జూన్ 12న బడులు తెరుస్తారు. ఆ రోజు ఉదయం ఎనిమిదిన్నరకు నేను ఆ మెట్ల దగ్గర ఉంటాను. ఆ అమ్మాయినీ పెన్‌డ్రైవ్ తీసుకుని రమ్మన్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
హైదరాబాద్.