సుందరీకరణకు ముందు నీటి లెక్క తీయండి

సంపాదకుడు గారికి నమస్కారం.

విశాఖలో చెరువు బాగుచేత అనగానే అంచనాల్లో పూడికతీత, చుట్టూ రాతి కట్టడం, నడక బాట, దీపాలు వచ్చేస్తాయి. చెరువులోకి నీరు ఎటు నుంచి ఎంత వస్తోంది, ఎటు పోతోంది అన్న పద్దు మాత్రం కనిపించదు. ఆ లెక్క లేకుండా పెట్టే ఖర్చు చాలావరకు వృథా. కొన్నిచోట్ల అసలుకే నష్టం.

మన నేల తీరు చూడండి. సింహాచలం, కైలాసగిరి, యారాడ కొండలు ఖోండలైటు అనే రాయి. వాలు ఎక్కువ, సముద్రం దగ్గర. కొండ మీద పడిన వాన గెడ్డల్లో, అంటే వాగుల్లో, గంటల్లోనే దిగిపోతుంది. ఎకరంపై 100 మిల్లీమీటర్ల వాన పడితే 4 లక్షల లీటర్ల నీరు. అక్టోబరు వాయుగుండాలకు ఆ మాత్రం వాన వింత కాదు. ఆ వరదను కాసేపు పట్టి ఉంచేవి చెరువులు, గెడ్డ పల్లాలు, ఉప్పుటేటి మడ నేలలే. 1933లో ప్రారంభమైన మన ఓడరేవు లోపలి హార్బరును తవ్వింది కూడా అలాంటి చిత్తడిలోనే. మేఘాద్రిగెడ్డ నీరు నేటికీ అటే చేరుతుంది. ఇక్కడ పోటుకూ ఆటుకూ తేడా పెద్ద పోట్ల రోజుల్లో సుమారు ఒకటిన్నర మీటరు. పోటు మీద వాన కురిస్తే గెడ్డ నీరు దిగక వెనక్కి ఎగదన్నుతుంది. అప్పుడు ఎగువన నీరు నిలవడానికి ఎంత చోటు మిగిల్చామన్నదే ఏ కాలనీ మునుగుతుందో తేలుస్తుంది.

నీటి లెక్కకు పెద్ద సరంజామా అక్కర్లేదు. మదుము (చెరువు నీటిని వదిలే తూము) దగ్గర సెంటీమీటర్ల గుర్తులున్న ఎనామిల్ కొలబద్ద ఒకటి, వానమాపకం ఒకటి, రోజుకు నీరు ఎంత ఆవిరవుతుందో కొలిచే ఆవిరి తొట్టి ఒకటి చాలు. కొలబద్ద సున్నాను సముద్రమట్టంతో ముడిపెట్టిన సర్వే గుర్తుకు సరిచూడాలి. లేకపోతే అది వంగినా, ఎవరైనా పీకి మళ్లీ పాతినా పాత లెక్కలన్నీ పోతాయి. ఆవిరి తొట్టి సుమారు 121 సెంటీమీటర్ల వెడల్పు, 25 సెంటీమీటర్ల లోతు ఉండే గుండ్రటి రేకు తొట్టి. నేలకు తగలకుండా చెక్క పీట మీద పెట్టి, కాకులు, కుక్కలు తాగకుండా పైన వల కప్పాలి. రేకు వేడెక్కడం వల్ల తొట్టిలో నీరు చెరువు కంటే ఎక్కువ ఆవిరవుతుంది. అందుకే వచ్చిన అంకెను సుమారు 0.7తో గుణించాలి. ఈ గుణకారం మరిచిపోతే ఇంకుడు లెక్క తలకిందులవుతుంది.

వాన లేని, గెడ్డ పారని, మదుము మూసిన వారం ఒకటి ఎంచుకుని రోజూ ఉదయం ఒకే వేళకు మట్టం చూడాలి. చెరువు రోజుకు 9 మిల్లీమీటర్లు తగ్గి, తొట్టి లెక్క ప్రకారం 5 ఆవిరైతే, మిగిలిన 4 నేలలోకి ఇంకుతున్నట్టు. హెక్టారుకు 4 మిల్లీమీటర్లంటే రోజుకు 40 వేల లీటర్లు. దాంతో దిగువన ఎన్ని బావులు బతుకుతున్నాయో అప్పుడు అంచనా వేయవచ్చు. వారం పొడవునా మట్టం తగ్గకపోతే సంబరపడకండి. ఎక్కడో మురుగు కాల్వ కలుస్తోంది.

పూడికతీతలో జరిగే పెద్ద పొరపాటు లోతు. చెరువు గర్భంలోని బంకమట్టి పొరే నీటిని ఆపుతుంది. యంత్రంతో దాన్ని కోసేస్తే నీరు నిలవదు. మురుగు కలిసే చెరువైతే ఆ మురుగు నేరుగా బావుల్లోకి దిగుతుంది. తవ్వే ముందు అక్కడక్కడా చిన్న బోరు వేసి బంకమట్టి ఎంత మందం ఉందో చూడటం ఒక రోజు పని. సముద్రానికి దగ్గరగా ఉన్న పల్లాల్లో ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. భూగర్భంలో మంచినీటి మట్టం సముద్రమట్టం కంటే మీటరు ఎత్తున ఉంటే, కింద దాదాపు 40 మీటర్ల దాకా ఉప్పునీటిని అణచి ఉంచుతుంది. ఆ మీటరులో అర మీటరు తోడేస్తే కింద 20 మీటర్ల రక్షణ పోతుంది. పెదవాల్తేరు, లాసన్స్ బే వైపు బోరు ఉన్నవారు వానాకాలానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి నీటి పరీక్ష చేయించుకోవాలి. నమూనా పట్టే ముందు పది నిమిషాలు మోటారు నడపాలి. లేకపోతే పైపులో నిలిచిన నీటికే పరీక్ష జరుగుతుంది. క్లోరైడుతో పాటు నైట్రేటు కూడా పెరిగితే ముందు మురుగును అనుమానించాలి. నైట్రేటు పెరగకుండా క్లోరైడు ఒక్కటే ఏటేటా పెరుగుతుంటే సముద్రం లోపలికి వస్తోందేమో చూడాలి.

రాతి కట్టడం గురించి గట్టిగానే చెప్పాలి. చెరువు శుభ్రపడేది అంచుల్లోనే. మీటరు ఎత్తుకు ఐదారు మీటర్ల వాలుగా ఒడ్డు ఉంటే అక్కడ జమ్ము, తుంగ, కిక్కిస పెరుగుతాయి. వాటి వేళ్ల దగ్గర గాలి తగిలే మట్టీ, తగలని మట్టీ పక్కపక్కన ఉంటాయి. మురుగులోని అమ్మోనియా మొదటిచోట నైట్రేటు అవుతుంది, రెండోచోట సూక్ష్మజీవులు దాన్ని నైట్రోజన్ వాయువుగా మార్చి గాల్లోకి వదులుతాయి. నిటారుగా రాతి గోడ కడితే ఈ పని ఆగిపోతుంది. జానెడు లోతు నీళ్లలో నిలబడి మేసే కొంగకు కూడా చోటు ఉండదు. నిండిన నీరు పొర్లిపోయే అలుగు దగ్గర గట్టు కోసుకుపోతుంది, అక్కడ రాయి వేయండి. మిగతా చుట్టుకొలత మట్టిగానే వదిలేయండి.

మురుగు సంగతి తేల్చకుండా గుర్రపు డెక్క తీయించడం ఏటా దండగ ఖర్చు. తీసినదాన్ని గట్టు మీదే కుప్ప పోస్తే కుళ్లి సారమంతా మళ్లీ నీళ్లలోకే దిగుతుంది. వెయ్యి మంది ఉన్న కాలనీలో మనిషికి రోజుకు 135 లీటర్లు వాడి, అందులో 80 శాతం బయటికి వస్తే లక్షా 8 వేల లీటర్ల మురుగు. దాన్ని శుద్ధి చేయడానికి, మన ఎండకు, మనిషికి ఒకటి రెండు చదరపు మీటర్ల కంకర మడి (కంకర నింపి, పైన జమ్ము నాటి, మురుగును పారించే మడి) సరిపోతుంది. అంటే పాతిక నుంచి యాభై సెంట్ల జాగా. లోతు 60 సెంటీమీటర్లు, 10 నుంచి 20 మిల్లీమీటర్ల కంకర, నీరు దిగేచోట పెద్ద రాళ్లు, నూటికి ఒక వంతు వాలు, పైన జమ్ము లేదా కిక్కిస. మడికి ముందు మడ్డి దిగే తొట్టి కట్టి, దాన్ని వేళకు ఖాళీ చేయించాలి. ఈ మడులు మూలపడేది ఎక్కువగా ఆ తొట్టి దగ్గరే. మడ్డి కంకరలో చేరితే నీరు పైపైనే పారుతుంది, దోమలు ముసురుతాయి, జనం పూడ్చేయమంటారు.

గెడ్డ చెరువులో కలిసేచోట పూడిక గొయ్యి ఒకటి ఉండాలి. దాన్ని జూన్‌కు ముందు ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి ఎత్తాలి. కొత్త రోడ్డు కింద తూము వేసేటప్పుడు గెడ్డ అడుగు కంటే ఎత్తున వేస్తే చెరువు ఎండుతుంది, ఎగువ వీధి మునుగుతుంది.

చట్టం కూడా మట్టం లెక్కనే అడుగుతోంది. 2017 చిత్తడి నేలల నిబంధనల ప్రకారం, అవి అమల్లోకి వచ్చిన నాటికి గడిచిన పదేళ్ల వరద మట్టాల సగటు నుంచి 50 మీటర్ల లోపు, పడవల రేవు తప్ప శాశ్వత కట్టడం కూడదు. తాటి దోనెలు తిరిగే కొండకర్ల ఆవ వంటి సహజ సరస్సుకు ఇది పెద్ద అండ. మంచినీటికో సాగుకో మనిషి తవ్వుకున్న చెరువులు మాత్రం ఆ నిబంధనల పరిధిలోకి రావు. వాటికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టాన్ని ఆశ్రయించాలి. పదేళ్ల మట్టాలు రాసి ఉంచకపోతే ఆ 50 మీటర్లు ఎక్కడి నుంచి కొలుస్తారు?

కనీసం ఒక వానాకాలం, ఒక వేసవి కొలతలు చేతిలో లేనిదే ఏ చెరువు పనికీ టెండరు పిలవకూడదని నగరపాలక సంస్థ నియమం పెట్టాలి. ఆ కొలతలను నెలనెలా వార్డు సచివాలయం గోడ మీద అంటించాలి.

— జలవనరుల అధ్యయనకారులు, విశాఖపట్నం