హన్మకొండ సైకిల్ మెకానిక్ అన్నకు కృతజ్ఞతలు

ఫోన్ మాట్లాడుతూ ఒకాయన వెనక చూడకుండా కారు డోర్ తీశాడు. ట్యూషన్‌కు పోతున్న మా పక్కింటి పిలగాడు తగిలి రోడ్డు మీద పడ్డాడు. అన్నా, మీరు ముందు సైకిల్ ముట్టుకోలేదు. మీ స్టూలు అడ్డంపెట్టి వెనకొచ్చే ఆటోలను ఆపారు. తల తిరుగుతుందా, మణికట్టు నొస్తుందా అని వాణ్ణి అడిగారు. తర్వాతే రిపేరు. రిమ్ ఒకవైపు బ్రేక్ షూకు రాసుకుంటుంటే, అవతలివైపు స్పోకులు పావు చుట్టు చొప్పున బిగించారు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్క్ వంగలేదని తేలేదాకా ఎక్కనివ్వలేదు. దెబ్బతిన్న ఫోర్క్ ఎప్పుడో నడిరోడ్డు మీద విరగొచ్చు, చాలామంది అది చూడరు.

డ్రైవర్‌ను తిట్టలేదు. "ఎడమ చేత్తో డోర్ తియ్యి సారూ, మెడ దానంతటదే వెనక్కి తిరుగుతది" అని చేసి చూపించారు. పిలగాణ్ణి ఆగిన కార్లకు నాలుగడుగుల దూరంగా తొక్కమన్నారు. పైసలు తీసుకోలేదు. వాళ్లమ్మ తరఫున, మా వాడ తరఫున మీకు దండాలన్నా.