ఒక్క ఫోల్డర్ పంపడానికి బుక్‌మార్కులన్నీ బయటపెట్టాలా?

బ్రౌజర్ సంస్థ వినియోగదారుల ఫిర్యాదుల విభాగం వారికి,

విషయం: ఎంచుకున్న బుక్‌మార్కులను మాత్రమే మరొకరికి పంపే వీలు లేకపోవడం, దానికి మీ సహాయక సిబ్బంది చెప్పిన ఉపాయాలు.

అయ్యా / అమ్మా,

నేను ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో తెలుగు చెబుతాను. కాలేజీ కంప్యూటర్‌లో, ఇంట్లో లాప్‌టాప్‌లో, ఫోన్‌లో ఏళ్ల తరబడి మీ బ్రౌజరే వాడుతున్నాను. దాని వేగం మీద గానీ, తెలుగు అక్షరాలు చూపించే తీరు మీద గానీ నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా బాధ ఒక్కటే. నా బుక్‌మార్కుల్లోంచి, అంటే మళ్లీ చూడటానికి బ్రౌజర్‌లో దాచుకున్న వెబ్ చిరునామాల్లోంచి, ఒక ఫోల్డర్ తీసి ఇంకొకరికి ఇద్దామంటే మీ బ్రౌజర్‌లో దారి లేదు. ఇస్తే మొత్తం ఇవ్వాలి, లేదంటే ఒక్కో లింకూ విడివిడిగా పంపుకుంటూ కూర్చోవాలి.

'ఒక ఫోల్డరే కదా' అని మీ సిబ్బంది తేలిగ్గా తీసుకున్నారు. అందులో ఏముందో చెబితే గానీ విషయం అర్థం కాదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయంలో వేలల్లో ఉన్నాయి. అక్కడ పుస్తకం ఉండటం ఒక ఎత్తు, అది మన కంట పడటం ఇంకో ఎత్తు. పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కించినవి. శతకం అన్న మాటే ఒకచోట ఎస్‌తో మొదలవుతుంది, ఒకచోట ఎస్ పక్కన హెచ్ ఉంటుంది, మరోచోట టీ పక్కన కూడా హెచ్ చేరుతుంది. చిరునామా చూసి పోల్చుకుందామా అంటే 'ఇన్ డాట్ ఎర్నెట్ డాట్ డీఎల్ఐ డాట్ 2015' అని మొదలై, వెనక ఒక అంకెల వరస. అందులో పుస్తకం ఏదో చెప్పే ఆనవాలు ఒక్కటీ ఉండదు. అందుకే ఒక మంచి ప్రతి దొరికినప్పుడల్లా నా మాటల్లో పేరు రాసుకుని దాచుకున్నాను: 'టీకా ఉన్న ముద్రణ', 'మధ్యలో రెండు పేజీలు లేవు', 'ఇది వాడకు, పక్కదే నయం'. శతకాల ఫోల్డర్‌లో ఇలాంటివి వందకు పైనే ఉన్నాయి. వాటితో పాటు ఆంధ్రభారతి నిఘంటువుల పుట, తెలుగు వికీసోర్స్‌లో అక్షరదోషాలు సరిదిద్దిన ప్రతులు. నా దృష్టిలో లింకు విలువ సగం, ఆ పక్కన రాసుకున్న మాట విలువ సగం.

మా కాలేజీలో చదివిన ఒక అమ్మాయి ఇప్పుడు శతక సాహిత్యం మీద పరిశోధన చేస్తోంది. "మేడం, మీ దగ్గరున్న లింకులు పంపండి" అని అడిగింది. అడగడంలో తప్పేముంది? ఇలాంటివి ఒకరి నుంచి ఒకరికి అందాలనే కదా దాచేది.

బుక్‌మార్క్ మేనేజర్ తెరిచి, కావలసినవి ఎంచుకుని, కాపీ చేసి మెయిల్‌లో పేస్ట్ చేశాను. చిరునామాలు మాత్రం వరసగా పడ్డాయి. నేను రాసుకున్న పేర్లు ఒక్కటీ రాలేదు. అంటే ఆ అమ్మాయికి చేరేది వంద అంకెల వరసలు, ఏది ఏ పుస్తకమో ఒక్కొక్కటీ తెరిచి చూసుకోవాలి. ఫోన్‌లోనైతే ఒకసారికి ఒక్క లింకే పంపనిస్తుంది.

ఇక మిగిలింది ఎక్స్‌పోర్ట్. నొక్కితే నా బుక్‌మార్కులన్నీ ఒకే ఫైల్‌గా బయటికొస్తాయి. వాటిలో నా బ్యాంకు పేజీ ఉంది, మా అమ్మ వైద్య పరీక్షల ఫలితాలు చూసే పేజీ ఉంది, ఇంటి అప్పు వాయిదాల పేజీ ఉంది. అన్నిటికంటే భయపెట్టేది మరొకటి. మా విభాగం వాళ్లం కలిసి నింపే ఇంటర్నల్ మార్కుల షీట్లు ఉన్నాయి. వాటిలో కొన్ని 'లింకు ఉన్నవారెవరైనా చూడవచ్చు' అన్న పద్ధతిలో పెట్టినవి. అలాంటి చోట చిరునామా తెలిస్తే చాలు, పాస్‌వర్డ్‌తో పని లేదు. ఇంతమంది పిల్లల మార్కులు, ఫోన్ నంబర్లు ఒక శతకాల ఫోల్డర్‌తో కలిసి ఊరు దాటిపోవాలా? పెరటి గది తాళం అడిగిన మనిషి చేతిలో ఇంటి తాళాల గుత్తి పెట్టమంటున్నారు మీరు.

మీ సహాయక విభాగానికి రాస్తే, ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైల్ తెరిచి అక్కర్లేనివి తీసేయమన్నారు. అలాగేనని నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. మొదటి వరసలోనే 'నెట్‌స్కేప్ బుక్‌మార్క్ ఫైల్ 1' అని ఉంది. నెట్‌స్కేప్ బ్రౌజర్ పోయి ఎన్నేళ్లయిందో మీకు నాకంటే బాగా తెలుసు. ఆ కింద ప్రతి లింకు పక్కనా అది దాచుకున్న సమయం, 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన సెకన్లలో. ఆ పక్కన ఆ సైటు చిన్న బొమ్మ, అక్షరాలుగా మారి వరసలకు వరసలు. ఆ గందరగోళంలో నా తెలుగు పేరు ఎక్కడో ఒక మూల కనిపిస్తుంది. ఫోల్డర్ మొదలయ్యే గుర్తు ఒకటి, ముగిసే గుర్తు ఒకటి ఉంటాయి. వాటిలో ఒకటి పొరపాటున పోతే ఏ లింకు ఏ ఫోల్డర్‌లో పడుతుందో చెప్పలేం. ఇది తెలుగు మేష్టర్ల చేత చేయించే పనేనా? పైగా నేను ఏ పేజీని ఎప్పుడు దాచుకున్నానో అవతలివాళ్లకు తెలియాల్సిన అవసరమూ లేదు.

మళ్లీ రాస్తే ఇంకో ఉపాయం చెప్పారు: కొత్త ప్రొఫైల్ తెరిచి, అన్నీ అందులోకి ఇంపోర్ట్ చేసి, అక్కర్లేనివి తొలగించి, మిగిలింది ఎక్స్‌పోర్ట్ చేయమని. ఇది పనిచేసింది, కాదనను. ఆ అమ్మాయికి ఫోల్డర్ చేరింది. కానీ రేపు నేను నాలుగు పుస్తకాలు చేర్చితే ఈ తతంగమంతా మళ్లీ మొదటి నుంచి చేయాలి. అవతల ఆ అమ్మాయి మళ్లీ ఇంపోర్ట్ చేసుకుంటే పాతవి రెండేసి కనిపిస్తాయి. ఇవన్నీ చూసి, మా పిల్లలు "మీ అకౌంట్‌తో ఒకసారి లాగిన్ అయి తీసుకుంటాం మేడం" అంటున్నారు. మంచి పిల్లలే, కానీ ఆ అకౌంట్‌లో నా పాస్‌వర్డులన్నీ సింక్ అవుతున్నాయి. న్యాయమైన దారి లేనప్పుడే మనుషులు ఇలాంటి ప్రమాదకరమైన దారులు వెతుక్కుంటారు. దానికి బాధ్యత మీది.

నేను అడిగేది కొత్త కనిపెట్టుడు కాదు. ఆ ఫైల్‌లో ప్రతి ఫోల్డరూ విడి ముక్కగానే ఉంది, మొత్తం రాయగలిగిన ప్రోగ్రామ్ ఒక ముక్క రాయలేదా? ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేస్తే 'ఈ ఫోల్డర్ మాత్రమే ఎక్స్‌పోర్ట్' అన్న ఒక్క వరస కనిపించాలి. ఎంచుకున్న లింకులు కాపీ చేస్తే పేర్లతో సహా రావాలి. పంపేముందు ఏమేం వెళ్తున్నాయో ఒక జాబితా చూపించి, దాచుకున్న తేదీలు తీసేయాలా అని అడగాలి. ఫోన్‌లోనూ ఇదే ఉండాలి, ఎందుకంటే మా పిల్లల్లో చాలామందికి ఉన్న కంప్యూటర్ ఆ ఫోనే.

ఒక మనవి. దీనికి జవాబుగా మీ సర్వర్ మీద ఏదో కొత్త సేవ తెరిచి, అందులో చేరితేనే పంచుకోవచ్చు అనకండి. బుక్‌మార్కులు పంచుకోవడానికే పుట్టిన డెలిషస్ 2003లో మొదలైంది, 2005లో యాహూ కొన్నది, తర్వాత చేతులు మారుతూ 2017లో అలాంటిదే అయిన పిన్‌బోర్డ్ అనే సేవ చేతికి వెళ్లి, కొత్తవి చేర్చుకునే వీలు లేకుండా ఆగిపోయింది. చదవాల్సినవి దాచుకునే పాకెట్‌ను 2025 జులైలో మొజిల్లా మూసేసింది. 2022లో ఆపిల్ తన సఫారీ బ్రౌజర్‌లో ట్యాబ్ గ్రూపులు, అంటే తెరిచిన పేజీల గుంపులు, పంచుకునే ఏర్పాటు చేసింది, బాగానే ఉంది, కానీ ఇద్దరి దగ్గరా ఆపిల్ వస్తువులే ఉండాలి. మాకు కావలసింది ఏ బ్రౌజరైనా తెరవగల మామూలు ఫైల్. వాట్సాప్‌లో పంపుకుంటాం, పెన్‌డ్రైవ్‌లో ఇచ్చుకుంటాం. మీ సంస్థ ఉన్నా లేకున్నా అది మా దగ్గర ఉంటుంది.

ఈ సౌకర్యం మీ ప్రణాళికలో ఉందా లేదా, ఉంటే ఎప్పటికి వస్తుంది, లేకపోతే ఎందుకు వద్దనుకున్నారు అన్నది రాతపూర్వకంగా తెలియజేయండి. నా గత రెండు ఫిర్యాదులకూ 'సమస్య పరిష్కారమైంది, టికెట్ మూసివేశాము' అని వచ్చింది. పరిష్కారం కాలేదు. ఆ రెండు టికెట్లనూ తిరిగి తెరిచి, ఈ లేఖను వాటికి జతచేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
తెలుగు అధ్యాపకురాలు,
ప్రభుత్వ డిగ్రీ కళాశాల,
శ్రీకాకుళం జిల్లా